మా బావ గుడ్ల పథ్యం

మా బావ ఆదిమూలానికి పొద్దున్నే ఎనిమిది ఇడ్లీలు పడితేగాని నోరు లేవదు. వాటి మీదికి గిన్నెడు చెనిక్కాయల చట్నీ. ఎవరైనా ఏమైనా అంటే, కష్టపడేది తినడానికే కదా అంటాడు. ఆయన కష్టం మామిడి అంటు కట్టడం. బంగారుపాళ్యం చుట్టుపక్కల నర్సరీల్లో ముప్పై ఏళ్లుగా అదే పని. పెన్సిలంత మొక్కను ఏటవాలుగా కోసి, మంచి జాతి పుల్లను దానికి అతికించి పట్టీ చుట్టాలి. బెరడుకు బెరడు వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి.

మొన్నటి వానల్లో ఆ తేడా ఆయనకు కనబడలేదు. కుడి కంట్లో శుక్లం. నూరు మొక్కలకు అంటు కడితే అరవై ఎండిపోయాయి. నర్సరీ యజమాని బాలచంద్ర మంచివాడే గాని, "వచ్చే వానలకు కన్ను బాగు చేసుకోని రాన్నా, లేదంటే ఇంకో మనిషిని పెట్టుకోవాల్సి వస్తాది" అని ముఖం మీదే చెప్పేశాడు. చిత్తూరు కంటాసుపత్రికి రెండుసార్లు వెళితే రెండుసార్లూ తిప్పి పంపారు. షుగరు మూడు వందలు దాటింది, రెండు వందల లోపుకు దించుకుని వస్తేనే ఆపరేషన్ అన్నారు.

అప్పుడు నడుం బిగించింది మా అక్క నాగవేణి. పొద్దున పూట గుడ్లు, ఆకుకూరలు పెట్టమని ఆసుపత్రిలో చెప్పారు. ఉడకబెట్టిన గుడ్డు ఈయన గొంతు దిగదు. ఆమ్లెట్టంటే గరిటెడు నూనె పోయమంటాడు. అక్క ఫోన్‌లో వెతికి వెతికి ఓవెన్‌లో కాల్చే గుడ్ల వంటకం ఒకటి పట్టుకుంది. ఓవెన్ ఉన్నది పక్క వీధిలోని మా ఇంట్లో. పుట్టినరోజు కేకులు చేసి అమ్ముతాను కాబట్టి కొనుక్కున్నాను. ఇంకేముంది, ఆరు గంటలకల్లా అక్క నా తలుపు కొట్టడం మొదలైంది.

గాజు గిన్నెకు నూనె చెయ్యి రాసి, అడుగున పాలకూర, మునగాకు, ఎర్రగడ్డలు, టమేటాలు పరిచేది. నాలుగు గుడ్లు, కాసిన్ని పాలు, మిరియాల పొడి కలిపి గిలక్కొట్టి పైన పోసేది. ముప్పై అయిదు నిమిషాలు పడుతుంది. ఆ ముప్పై అయిదు నిమిషాలూ ఓవెన్ ముందు పీట వేసుకుని కూర్చునేది. మధ్యలో రెండుసార్లు తలుపు తీసేది. పొంగింది కాస్తా చతికిలబడేది.

"అక్కా, నువ్వు సూస్తా కూసుంటే అది తొందరగా ఉడకదు" అని విసుక్కునేదాన్ని.

"మాడిపోతే ఆ మనిషి తినడు మే. ఇడ్లీ కావాలంటాడు. నీకేం తెలుసు నా తంటాలు!"

బావ ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి, "ఏందిది, ఉప్మానా, కేకా?" అనేవాడు. సణుగుతూనే తినేవాడు. సణుగుడు వినలేక నాకు తల వాచిపోయేది. అయినా మూడు వారాలకు షుగరు నూటతొంభైకి దిగింది. అక్టోబరు మొదటి సోమవారం ఆపరేషన్ అన్నాడు డాక్టరు. ముగ్గురం సంతోషంగా తలలూపి వచ్చాం.

చిత్తూరు బస్టాండు దగ్గర పూలకొట్టు ముందు తులసి మాలలు కుప్పలు పోసి ఉన్నాయి. అక్క అక్కడే ఆగిపోయింది.

"ప్రశాంతీ, బుధవారం నుంచి పెరటాసి కదా!"

పెరటాసంటే మా వైపు ఏడుకొండలవాడి నెల. అది పోయేదాకా మా ఇళ్లల్లో మాంసం సంగతి దేవుడెరుగు, గుడ్డు పెంకు కూడా గడప తొక్కదు. ఆ నెలకు గుడ్డు లేని కేకులు కావాలని ఆర్డర్లు రాసిపెట్టుకున్నది నేనే. నాకైనా తట్టాలి కదా! ముగ్గురి మీదా ఒకేసారి కోపం వచ్చింది.

"మందనుకోని తినేస్తే పోతుంది" అన్నాను.

"ఆ మాట ఇంకోసారి అనొద్దు" అంది అక్క.

గుడ్ల బదులు నానబెట్టిన పెసలు రుబ్బి, పన్నీరు కలిపి కాల్చింది. అది పొంగలేదు, పైగా బీటలు వారింది. "దీనికన్నా ఆ గుడ్డు కేకే మేలు కదమ్మే" అన్నాడు బావ. విన్నారా? మూడు వారాలు సణిగిన మనిషి! కానీ షుగరు మాత్రం పెరగలేదు.

మూడో శనివారం అక్కావాళ్లింట్లో దేవుడికి తళిగ వేశారు, ఆకులో అన్నం, కూరలు వడ్డించి నైవేద్యం పెట్టారు. మధ్యాహ్నం దాకా బావ ఒక్కపొద్దు. బియ్యప్పిండీ బెల్లమూ కలిపి దీపాలు చేసి, నెయ్యి పోసి వెలిగించి, గోవిందలు పెట్టాం. అందరం ప్రసాదం తిన్నాం.

సోమవారం ఆసుపత్రిలో చూస్తే రెండు వందల ఎనభై. మళ్లీ ఇంటికి పొమ్మన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"యాడ తిన్నావు బావా? ఏ హోటల్లో? నిజం చెప్పు."

"దేవుడి మీద ఒట్టు, యాడా తినలేదు. ఇంట్లో పెట్టిందే తిన్నాను."

బెంచీ మీద కూర్చున్న అక్క తల దించుకుంది. "నేనే పెట్టినాను. పిండి దీపాలు. మిగిలింది పారెయ్యకూడదని, ఆదివారం కూడా పెట్టినాను."

"చపాతీ కూడా తూకమేసి పెట్టేదానివి కదక్కా!"

"ప్రసాదం మే అది. అది తిండని నాకు తట్టనే లేదు."

గట్టిగా నాలుగు తిడదామనుకున్నాను. కానీ ఆ పిండిలో అరకిలో బెల్లం కలిపి పిసికింది నేనే. ఇంకొంచెం తీసుకో బావా అన్నదీ నేనే. పాపం, నోరు మూసుకుని ఇడ్లీల జోలికి పోకుండా ఉన్నది ఆయనొక్కడే.

డాక్టరు ఇంకో వారం గడువిచ్చాడు. మధ్యలో నాలుగో శనివారం ఉంది. ఆ రోజు గోవిందలు అయ్యాక అక్క చింతగింజంత ప్రసాదం తీసి బావ చేతిలో పెట్టింది. పెట్టకుండా ఉండలేదు, పెట్టాలంటే భయం. బావ దాన్ని రెండు కళ్లకూ అద్దుకున్నాడు. కుడి కంటి దగ్గర కాస్త ఎక్కువసేపే ఉంచాడు. తర్వాత అక్క అరచేతిలో పెట్టేశాడు.

"ఈసారికి నాకు కండ్లకే సాలు. నువ్వు తినుమే."

సోమవారం నూటడెబ్బై రెండు. ఆపరేషన్ అయింది.

పెరటాసి వెళ్లిన వారానికి అక్క మళ్లీ గుడ్ల బుట్టతో నా తలుపు కొట్టింది. ఓవెన్ నుంచి దించిన గిన్నె పట్టుకుని వాళ్లింటికి వెళ్లాం. బావ నల్లద్దాలు పైకి ఎత్తి, ముక్కను కంటి దగ్గరికి తెచ్చుకుని పరీక్షగా చూశాడు.

"ఏమ్మే, మునగాకులో ఈనెలన్నీ అట్నే ఉండాయి సూడు! ఇన్ని దినాలూ నాకు పెట్టింది ఇదేనా?"

అక్క గరిటె విసిరికొట్టింది. "వచ్చినాయిలే కండ్లు! ఇంక నన్ను బతకనిస్తాడా ఈ మనిషి!" అని కేకలేస్తూ ప్లేటు లాక్కుని వంటింట్లోకి పోయింది.

ఎంతకీ రాకపోతే వెళ్లి చూశాను. ముక్కలోంచి ఈనెలు ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతోంది. పైట చెంగుతో కళ్లు తుడుచుకుంటూ, నర్సరీ బాలచంద్రకు ఫోన్ చెయ్యమని నాకు సైగ చేసింది.