ఎర్ర టోపీ సూది

ఈ ఉదయం సూదిలోకి మందు ఎక్కిస్తుంటే ఒక చుక్క నా బొటనవేలి మీద పడింది. ఇన్సులిన్‌కు ఒక వాసన ఉంటుంది. ఆసుపత్రి వరండా కడిగిన నీళ్ళ వాసనలా, కాస్త ఘాటుగా. తుడుచుకున్నా కాసేపు వదలదు. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు మా పిల్లి కన్నా ముందు పైడయ్య బాబాయ్ గుర్తొస్తారు. రైల్వే కాలనీ అయిన ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా క్వార్టరుకూ, ఆయన కొడుకు క్వార్టరుకూ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. బాబాయ్ ముప్పై నాలుగేళ్ళు లెవెల్ క్రాసింగ్ దగ్గర గేట్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. పోయిన వానాకాలంలో కాలం చేశారు.

నేను వర్క్‌షాప్ స్టోర్స్‌లో సామాన్ల లెక్క చూస్తాను. పదో తరగతి దాటలేదు. భిన్నాలు, దశాంశాలు, అంగుళాల్ని మిల్లీమీటర్లలోకి మార్చడం, అన్నీ పాత స్కేళ్ళూ అరిగిపోయిన చార్టులూ ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నాను. అందుకే కాబోలు నా లెక్కంటే నాకు గర్వం ఎక్కువ. మా పిల్లి పుషి నీళ్ళు మరీ ఎక్కువ తాగుతోందని నా భార్య రమణ అంటే, గిన్నెలో నీళ్ళు కొలిచి పోసి, మర్నాడు మిగిలినవి కొలిచాను. దాన్ని ఎత్తుకుని తూకం మిషను ఎక్కి, దించి మళ్ళీ ఎక్కి, తేడా తీశాను. ఐదు కిలోల పైన ఉండే పిల్లి నాలుగుకు దిగింది. ఇందా పేటలోని బెంగాలీ పశువుల డాక్టరు రక్తం చూసి సుగర్ అన్నారు. ఉదయం, సాయంత్రం ఇన్సులిన్, పూటకు రెండు యూనిట్లు.

"మనుషులకి సాలక పిల్లికి కూడా సుగరేటి!" అని రమణ నవ్వబోయి నవ్వలేకపోయింది. మాకు పిల్లలు లేరు. తొమ్మిదేళ్ళుగా మా ఇంట్లో మూడో ప్రాణి అదే.

మొదటి రోజు సూది పట్టుకుని పిల్లి చుట్టూ రెండుసార్లు తిరిగాను. గోడ అవతల నుంచి చూస్తున్న బాబాయ్ వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. పోయిన భార్యకు పదకొండేళ్ళు తన చేత్తోనే ఇన్సులిన్ ఇచ్చిన మనిషి.

"ఏటి బావూ, పులికి పొడుస్తన్నట్టు సెమటలు కక్కుతన్నావు? మెడ ఎనకాల తోలు పైకి లాగు. గుడారంలాగ లేస్తాది. దాని కింద పొడువు. దానికి తెలీనే తెలీదు."

నిజంగానే తెలియలేదు. పుషి చేపముక్క తింటూనే ఉంది.

చిక్కు సూది దగ్గర వచ్చింది. మా సీసాలో మిల్లీలీటరుకు నలభై యూనిట్ల మందు, అందుకు నలభై గీతల సూది వాడాలి. దానికి ఎర్ర టోపీ ఉంటుంది. ఆ వారం దుకాణంలో అవి లేవు, నారింజ రంగు టోపీ ఉన్న వంద గీతల సూదులే ఇచ్చారు. నేను డాక్టరు ముందే లెక్క కట్టాను. రెండు యూనిట్లంటే మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు, అంటే వంద గీతల సూదిలో ఐదో గీత. ఆయన కాగితం చూసి, "ఠీక్ హై, బిల్‌కుల్ ఠీక్" అన్నారు. ఇంటికొచ్చి ఫ్రిజ్ తలుపు మీద పెద్దగా '5' అని రాసి అంటించాను.

బాబాయ్‌కి ఆ కాగితం నచ్చలేదు. "కాగితం మీద రాసుకోడమంటే నీతో నువ్వు మాటాడుకోడమే. ఇంకో నోరు పలకాల" అన్నారు. గేటు వేసి తాళం పెట్టాక గేట్‌మన్ ఫోన్లో స్టేషన్‌కి బండి పేరూ, తన పుస్తకంలోని ఒక నంబరూ చెబుతాడు. అవతలి మనిషి అదే తిరిగి చెప్పి రాసుకుంటాడు. ఆ తర్వాతే బండికి దారి. ఆ పద్ధతే మా పిల్లికీ పెట్టారు. టోపీ చూసి రంగు చెప్పాలి, తర్వాత గీత చెప్పాలి. ఆయన తిరిగి పలికాకే సూది దిగాలి. ఉదయం ఏడింటికి నేను "నారింజ, ఐదు" అని అరిస్తే, గోడ అవతల నుంచి "నారింజ, ఐదు. కానీయ్" అని వినిపించేది. ఎదురింటివాళ్ళు, "మీ పిల్లి ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తంది దాదా?" అని నవ్వేవారు.

వారం తిరక్కుండానే నాకు విసుగొచ్చింది. స్టోర్స్‌లో వందల రకాల సామాను లెక్క తప్పకుండా చెప్పే నేను, ఒక్క ఐదుకు ఇంకొకరి చేత ఔననిపించుకోవాలా? రంగు చెప్పడం మానేశాను.

"ఏ టోపీ?" అని ఆయన అడిగేవారు.

"రోజూ ఒకటే టోపీ కదా బాబాయ్."

"రోజూ ఒకటే బండి. అయినా రోజూ సెప్పాల."

పదకొండో రోజు ఆదివారం. పాత సూదులు అయిపోయాయి. ముందు రోజు నేనే కొనుక్కొచ్చి, చూడకుండా డబ్బాలో పోసిన కొత్తవాటిలోంచి ఒకటి తీశాను. "ఐదు" అని అరిచాను.

"ఏ టోపీ?"

"అదే."

"అదే, ఐదు. కానీయ్."

పదిన్నరకు పుషి వంటింట్లోంచి వస్తూ గుమ్మానికి గుద్దుకుంది. వెనక కాళ్ళు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి. రమణ కేకకి బాబాయ్ వచ్చారు. పిల్లిని కాదు, ముందు చెత్తబుట్ట చూశారు. ఎర్ర టోపీ తీసి అరచేతిలో పెట్టుకున్నారు.

"మా ఆడమనిషికి ఇదే సూది. ఇందులో ఐదంటే ఐదే యూనిట్లు. డాకటేరు ఎన్ని సెప్పినాడు?"

"రెండు" అన్నాను.

ఆయన రమణ చేత గ్లూకోజు తడిపించి దాని చిగుళ్ళకు పూయించారు. పుషిని తువ్వాలులో చుట్టుకుని టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కాం. ఇందా చేరేదాకా నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. డాక్టరు అడిగితే రెండు అంటే సరి. ఆయన రాసిందీ రెండే. మందు ఒంటికి పడలేదనుకుంటారు. నా లెక్కను ఆయన మెచ్చుకుని రెండు వారాలు కూడా కాలేదు.

"కొతో దియేఛేన్, దాదా?" అన్నారు డాక్టరు, ఎంత ఇచ్చారని. బాబాయ్ పిల్లి తల నిమురుతూ ఉండిపోయారు. నావైపు చూడలేదు. చూసి ఉంటే రెండు అనేవాణ్ణేమో, ఇప్పటికీ తెలియదు.

"ఐదు. సూది మారింది. నేను టోపీ చూడలేదు."

డాక్టరు కోప్పడలేదు. గ్లూకోజు సెలైన్ పెడుతూ హిందీలో, "రెండు అని ఉంటే గంటలో ఇంటికి పంపేసేవాణ్ణి. ఐదంటే సాయంత్రం దాకా కదిలించను" అన్నారు. మధ్యాహ్నం దాని సుగర్ మళ్ళీ పడిపోయింది. డాక్టరు పక్కనే ఉన్నారు కాబట్టి నిలబెట్టారు.

బయట బల్ల మీద కూర్చున్నాం. బాబాయ్ జేబులోంచి ఎర్ర టోపీ తీసి బల్ల మీద పెట్టారు.

"నాదీ తప్పే బావూ. 'అదే' అంటే ఊరుకున్నాను. 'అదే' అన్నది నంబరు కాదు."

"మీదేటి తప్పు బాబాయ్..."

"విను. ఒకపాలి గేటు ఎయ్యకుండానే ఏసేసినానని సెప్పినాను. జొరంతో ఉన్నాను, ఏసినాననే అనుకున్నాను. బండి కూతేస్తే పరిగెట్టి ఏసినాను. ఎవుడికీ ఏటీ అవలేదు. ఎవుడూ సూడలేదు."

"మరి?"

"బండెల్లిపోనాక ఫోనెత్తి నేనే సెప్పినాను. ఒక ఇంక్రిమెంటు ఆపీసినారు. మా ఆడమనిషి వారం మాటాడలేదు."

"ఎవరూ చూడకపోతే ఎందుకు చెప్పినారు?"

"సెప్పకపోతే, మర్నాటి నుంచి నా నోటంట వచ్చిన నంబరుకి ఇలువేటి?"

సాయంత్రం ఆరింటికి పుషి తల ఎత్తి బాబాయ్ చొక్కా వాసన చూసింది. ఇంటికి తెచ్చాక తిండి మీదికి ఉరికింది. ఆ ఆదివారం సంగతి ఆయన మా క్వార్టర్ల లైన్లో ఎవరికీ చెప్పలేదు. నేనే ఎదురింటివాళ్ళకి చెప్పాను. వాళ్ళు ఈసారి నవ్వలేదు.

ఇప్పటికీ నేను లెక్క తప్పుతాను. తప్పనని అనుకోవడం మాత్రం మానేశాను. పోయిన నెల స్టోర్స్‌లో ఫోర్‌మన్ ఫోన్ చేసి, వ్యాగన్ బేరింగులు ఎన్ని ఉన్నాయని అడిగితే పన్నెండు అన్నాను. తర్వాత అర దగ్గరికి వెళ్తే తొమ్మిదే ఉన్నాయి. సోమవారానికి ఎలాగూ కొత్తవి వస్తాయి, లోటు ఎవరి కంటా పడదు. అయినా టీ గంట కొట్టకముందే రిజిస్టరు పట్టుకుని వర్క్‌షాప్ ఆ చివరకు నడిచాను. ఫోర్‌మన్ వింతగా చూశాడు.

"ఎవరైనా తప్పు పట్టారా?" అన్నాడు.

"లేదు. చూడకుండా చెప్పాను" అన్నాను.