పాండేసరా బాయిలర్ హౌస్‌లో ఐదో రోజు ఆట

సూరత్ పాండేసరాలోని ఒక డైయింగ్ మిల్లులో బాయిలర్ ఇంజనీరుగా చేరేనాటికి నాకు యాభై దాటాయి. నేను చెప్పబోయేది పదవీ విరమణకు ఏడాది ముందు, ఒక జనవరిలో, టెస్టు మ్యాచ్ ఐదో రోజున జరిగింది.

డైయింగ్ మిల్లుకు ఆవిరే ప్రాణం. చీరల బట్టకు రంగు పట్టించే యంత్రాలన్నీ బాయిలర్ నుంచి వచ్చే ఆవిరితోనే నడుస్తాయి. దాన్ని కనిపెట్టుకుని ఉండే సర్టిఫికెట్ ఉన్న మనిషిని అటెండెంట్ అంటారు. అతని పైన ఇంజనీరు, ఇంజనీరు పైన మిల్లు మేనేజరు. మా పగటి షిఫ్టు అటెండెంట్ రాజన్న. సిరిసిల్ల వైపు నుంచి మరమగ్గాల పనికి వచ్చిన కుటుంబం. మిల్లుకు దగ్గర్లోని వడోద్‌లో ఇల్లు. యాభైకి దగ్గర పడ్డా ఆదివారాలు టెన్నిస్ బాలుతో ఆడే జట్టుకు అతనే కెప్టెన్. మొదటి బంతినే లేపి కొట్టే రకమని జట్టువాళ్లే చెప్పేవారు.

శీతాకాలంలో బాయిలర్ హౌస్‌లో కూర్చోవడం నాకు ఇష్టంగా ఉండేది. బయట పల్చని చలి, లోపల ఒంటికి పట్టే వెచ్చదనం. రేకుల సందులోంచి పడే ఎండలో బొగ్గు నుసి మెల్లగా తేలుతూ ఉండేది. ఫ్యాన్ల హోరు కాసేపటికి చెవికి అలవాటై, హోరే లేనట్టు అనిపించేది. ఆ రోజు లాగ్‌బుక్ పక్కన పెట్టిన ఫోన్లోంచి హిందీ కామెంటరీ ఎక్కడో ఏటి అవతల మాట్లాడుకుంటున్నట్టు వినిపిస్తోంది. లంచ్ వేళకు మనవాళ్ల ఆధిక్యం మూడు వందలు దాటింది. అయినా కెప్టెన్ ఇన్నింగ్స్ చాలించి డిక్లేర్ చెయ్యలేదు.

రాజన్న డబ్బా విప్పి జొన్నరొట్టె తుంచుతూ అన్నాడు. "గెల్వాలని లేనోడు ఆటకెందుకచ్చిండు సార్? ఓడిపోతమని బుగులు పడ్డోడు గెలుస్తడా?"

నేను కెప్టెన్ పక్షం వహించాను. సిరీస్‌లో ఒక మ్యాచ్ ముందున్నాం, డ్రా అయినా సిరీస్ మనదే. పిచ్ చచ్చిపోయింది, ప్రధాన బౌలర్ భుజం నొప్పితో పెవిలియన్‌లో కూర్చున్నాడు. ఎదుటివాళ్లకు గెలిచే దారి మూసేశాకే మన గెలుపు గురించి ఆలోచించాలి. ఇలా చాలాసేపు చెప్పాను. అతను రొట్టె నములుతూ విన్నాడు గానీ ఒప్పుకోలేదు. ఈ ఆలస్యం వల్ల ఎదుటివాళ్ల కింది వరుస వికెట్లు పడకుండా మిగిలిపోతాయని, చూస్తూ ఉండమని అన్నాడు. లంచ్ తర్వాత అరగంటకు గానీ డిక్లరేషన్ రాలేదు.

మూడు గంటలప్పుడు నాకు కళ్లు మూతలు పడుతున్నాయి. కామెంటరీలో ఎవరో అవుటయ్యారు. రాజన్న అటు చూడలేదు. గేజ్ గ్లాస్ ముందు నిలబడి ఉన్నాడు.

గేజ్ గ్లాస్ అంటే బాయిలర్ లోపల నీరు ఎంత ఉందో చూపే గాజు గొట్టం. రెండు ఉంటాయి. ఒకటి లీకవుతుంటే ఆ ఉదయమే మూసేశాం. మిగిలినదాంట్లో నీరు సగానికి కనిపిస్తోంది. దాన్ని పరీక్షించే పద్ధతి ఒకటుంది. కింది డ్రెయిన్ తెరిచి నీటిని వదిలేసి మళ్లీ మూస్తే, నీరు చటుక్కున పైకి రావాలి. రాజన్న మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ నీరు బద్ధకంగా పాకుతూ వచ్చింది. దారి పూడుకుపోయిందన్నమాట. అలాంటప్పుడు కళ్లకు కనిపించే మట్టం నమ్మదగ్గది కాదు. అనుమానం తీరక నీళ్లు ఎక్కిద్దామా అంటే, లోపల గొట్టాలు ఎండి ఎర్రబడి ఉంటే ఆ నీళ్లే ఒక్కసారిగా ఆవిరై బాయిలర్ పేలొచ్చు. నిప్పు ఆపడం ఒక్కటే మార్గం.

ఇదంతా నాకు అతనికన్నా బాగా తెలుసు. అయినా తక్కువ నీటి అలారం మోగలేదు కదా అన్నాను. ఆరు యంత్రాల్లో బట్ట ఉంది, ఆవిరి పడిపోతే రంగు మచ్చలు కడుతుంది, గంట ఆగి ఆ బట్ట లాట్లు దిగాక ఆపుదాం అన్నాను.

రాజన్న గొంతు పెంచలేదు. "జర ఆగుతే ఏమైతదో మీకు తెల్వది, నాకు తెల్వది సార్. మిల్లు లోపట పద్దెనిమిది మంది ఉన్నరు. నేనైతే నడ్పను."

నా జవాబు కోసం చూడకుండా బొగ్గు ఫీడరు ఆపేశాడు. తర్వాత ఫ్యాన్లు. హోరు మెల్లమెల్లగా సన్నగిల్లి నిలిచిపోయింది. అంత నిశ్శబ్దాన్ని ఆ షెడ్డులో నేనెప్పుడూ వినలేదు. అందులో కామెంటేటర్ గొంతు ఒక్కటే తేలుతోంది. కోపం రావలసిన చోట నాకు సిగ్గు వచ్చింది. మధ్యాహ్నమంతా జాగ్రత్తను పొగిడింది నేనే.

మేనేజరు పరుగున వచ్చాడు. ఎవరిని అడిగి ఆపారని హిందీలో నిలదీశాడు. అటెండెంట్ తనంతట తాను ఆపితే ఉద్యోగం పోయే వాతావరణం అది. నేను ఆపమన్నానని చెప్పి, లాగ్‌బుక్‌లో అలాగే రాసి సంతకం చేశాను. ఆరు లాట్లూ చెడిపోయాయి. మ్యాచ్ కూడా డ్రా అయింది. ఎదుటివాళ్ల వికెట్లు రెండు మిగిలాయి.

బాయిలర్ పూర్తిగా చల్లారాక తెరిచి చూశాం. గ్లాసుకు వెళ్లే దారి సున్నపు పొరతో మూడొంతులు పూడుకుపోయింది. అసలు నీటిమట్టం గ్లాసులో కనిపించినదానికన్నా నాలుగు వేళ్లు తక్కువ. గొట్టాలు మాత్రం ఇంకా మునిగే ఉన్నాయి. ఇంకో గంట నడిపి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేకపోయారు. ఏమీ కాకపోయేదని మేనేజరు వాదన. కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు.

వారం తర్వాత రాజన్నను అడిగాను, ఇప్పుడైనా ఆ కెప్టెన్ చేసింది సరేనంటావా అని.

"ఎందుకంట సార్?" అన్నాడు. "ఆటల ఓడితే ఏం పోతది? ఇంకో ఆట ఉంటది. ఆయన బుగులు పడే కాడ గాకుండ ఊకెనే బుగులు పడ్డడు."

ఆ మాట మీద చాలా రోజులు ఆలోచించాను. కెప్టెన్ విషయంలో అతనితో ఇప్పటికీ పూర్తిగా ఏకీభవించను. సిరీస్ గెలవడం చిన్న సంగతి కాదు. కానీ ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇది: జాగ్రత్త మనిషి స్వభావం కాదు, పోయేదేమిటో చూసి తీసుకునే నిర్ణయం. పోయేది తిరిగి వచ్చేదైతే తెగించవచ్చు, తిరిగి రానిదైతే ఆపాలి. ఆపినందుకు రుజువు ఎప్పటికీ దొరకదు. దొరకదని తెలిసే ఆపాలి.