నోరు తెరవకముందే

ధాన్యం కొనే రోజుల్లో రాజాంలోని మా కొట్లో రైతులంతా ఒకేసారి ధర అడిగినా తడబడకుండా చెబుతాను. నాన్న లేకపోయినా బేరం తెగ్గొడతాను. అదే నోరు తరగతి గదిలో పెగలదు. అంత భయం. డెమో క్లాసు దగ్గరే రెండు కాలేజీల్లో లెక్చరర్ ఉద్యోగం చేజారింది. మూడో పిలుపు వచ్చినప్పుడు, ఇదీ పోతే ఇక కొట్లోనే కూర్చోమని నాన్న తేల్చేశారు.

నాకు భయం మీదకన్నా, అది ఎక్కడుందో కనబడకపోవడం మీద ఒళ్లుమంట. నలుగురిలో మాట్లాడడానికి భయపడేవాళ్ల మెదడు తరంగాలను శ్రీకాకుళంలో ఒక పరిశోధక విద్యార్థిని రికార్డు చేస్తోందని తెలిసి, వెంటనే పేరిచ్చాను.

"తలకి పరీక్షంటన్నావు, తల సల్లగుండాలి గదే" అంటూ బయల్దేరే ముందు అమ్మ మాడు నిండా ఆముదం అంటింది. మా ఇంట్లో ఏ పరీక్షకైనా అదే వరస. ల్యాబులో నా జుట్టు చూసి ఆ పరిశోధక విద్యార్థిని తీగల టోపీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నూనె ఉంటే సంకేతం సరిగా అందదట. షాంపూతో తల రుద్దుకుని, తువ్వాలు లేక చున్నీతో తుడుచుకొచ్చాను. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

టోపీ తొడిగి, కాసేపట్లో కెమెరా ముందు మాట్లాడాలని చెప్పి, కొంతసేపు ఊరికే కూర్చోబెట్టింది. తర్వాత మాట్లాడించింది. అంతా అయ్యాక కంప్యూటర్లో నా మెదడు తరంగాల గీతలు చూపించమని పట్టుబట్టాను. పళ్లు బిగించినా గీత ఎగురుతుందట, అలాంటివి తీసేసి చూడాలట. ఒక్క మనిషిని చూసి ఏదీ తేల్చకూడదని కూడా చెప్పి, తెరమీద ఒకచోట వేలు పెట్టింది.

"ఇక్కడ సూడండక్కా. మీరు మాటాడినప్పుడు గాదు, మాటాడాలని నాను సెప్పగానే మారిపోనాది."

ఆ గీతను ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. మరి కొట్లో ధర చెప్పేటప్పుడు ఎలా ఉంటుందని అడిగాను. తనకూ తెలీదంది. కొట్లో ఎదురుచూసే తీరిక ఎక్కడిదని దారంతా ఆలోచించాను.

డెమో రోజున నా వంతు చివర్లో ఉంది. ముందే పిలవమని అడిగాను. సుద్దముక్క తీసుకోబోయి కింద పడేస్తే, ఒంట్లో బాగానే ఉందా అని ప్రిన్సిపాల్ అడిగారు.

"భయంగా ఉందండీ. పాఠం మొదలుపెడతాను" అన్నాను.

ఆ మాట అంతవరకు బయటివాళ్లతో ఎప్పుడూ అనలేదు. ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ ప్రతి క్లాసుకూ చేతులు చల్లబడతాయి. తలుపు దగ్గర మాత్రం ఆగను, నేరుగా లోపలికి వెళ్లిపోతాను.