మోషేకు పిలుపు రాని పెళ్లి

కోటగిరి మోషేను ఊళ్లో చాడీకోరు అంటారు. పొరుగువాణ్ని కాబట్టి చెబుతున్నాను, ఆయన నోరు తెరిచేదే తక్కువ. ఎవరి మీదైనా చెప్పింది జన్మలో ఒక్కసారి. దానికే ఉన్న ఒక్క స్నేహితుడూ పోయాడు.

మోషే తూర్పు దిక్కున ఒక బొగ్గుగనిలో రిమోట్ ఆపరేటర్. భూమి లోపల పెద్ద యంత్రం బొగ్గు కోస్తుంటే, రిమోట్ మెడకు తగిలించుకుని దూరంగా నిలబడి నడిపిస్తాడు. యంత్రం కదిలేటప్పుడు దానికీ గోడకూ మధ్య మనిషి ఉండకూడదు. పక్కకు తిరిగిందంటే తప్పుకోవడానికి జాగా ఉండదు.

దాని కరెంటు కేబుల్ చూసుకునేవాడు రెంజల్ ఊరి రాజమల్లు. మోషేను పనికి కుదిర్చిందీ అతడే. ఇద్దరిదీ ఒకే గది, ఒకే పొయ్యి. రాజమల్లు చిన్నప్పటి నుంచి చెరకు బండ్ల వెంట నడిచినవాడు. నిండు బండి ఒరిగితే ఉరికి భుజం ఆనించడం మా దిక్కు ఎవరూ నేర్పక్కర్లేని పని. గనిలోనూ అతని ఒళ్లు అదే చేసేది. యంత్రం కదిలితే చాలు, పక్కకు చేరేవాడు.

"రాజన్నా, గోడ దిక్కు పోకు. అది బండి కాదు," అని మోషే ఎన్నిసార్లు ఆపాడో.

"నేను సూడని బండ్లా?" అని రాజమల్లు నవ్వేవాడు.

ఒకరోజు యంత్రం మలుపు తిరుగుతుంటే రాజమల్లు మళ్లీ భుజం ఆనించబోయాడు. మోషే యంత్రాన్ని టక్కున ఆపాడు. ఇనుముకూ గోడకూ మధ్య మనిషి ఛాతీ పట్టేంత సందే మిగిలింది. అందులోంచి రాజమల్లు నవ్వుకుంటూ బయటికి వచ్చాడు. ఆ నవ్వు చూశాకే మోషేకు అసలు భయం వేసింది. నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్లాడు.

"రాజన్నను మిషన్ కాడికి పంపకుండ్రి సార్. పంపితే నేను రిమోట్ పట్ట."

రాజమల్లుకు పైన స్టోరులో పని వేశారు. గని దిగే మనిషికి అది తల కొట్టేసినంత పని.

"పని పెట్టిచ్చిన నాకే తిన్నింటి వాసాలు లెక్కవెట్టినవ్. ఇగ నా ముఖం సూడకు," అని గది ఖాళీ చేశాడు. ఒక్కడికే వండుకోవడం మోషేకు చేతకాలేదు. చాలా రోజులు అన్నం మిగిలిపోయేది.

మొన్న రాజమల్లు బిడ్డ నిరోష పెళ్లి. మా ఊళ్లో చాలా ఇళ్లకు కార్డు వచ్చింది, మోషే ఇంటికి రాలేదు. సెలవు మీద ఉన్న ఆయన సాయంత్రం నన్ను బండి తీయమని, రెంజల్ దాకా తీసుకుపోయాడు. బారాత్ ఎదురైతే కిరాణా కొట్టు పక్కన ఆగాం.

డప్పుల ముందు రాజమల్లు తువ్వాల తిప్పుతూ ఎగురుతున్నాడు. మోషేను చూశాడు. ముఖం తిప్పుకుని ఇంకా గట్టిగా ఎగిరాడు.

నాకు ఒళ్లు మండింది. "పిలువని పెండ్లికి ఎందుకొచ్చినమే అన్నా?" అన్నాను.

మోషే కళ్లు తుడుచుకుంటున్నాడు.

"ఎగురుతుండు కదరా," అన్నాడు. "సూడనియ్యి."