గోడలోనా, గదిలోనా

మా ఆర్వి తాత దేన్ని చూసినా ఒకటే అడిగేవాడు: "గోడలోనా, గదిలోనా?"

కువోపియో ఊరి పక్కన మా చెక్క ఇంట్లో చీమలు కనబడితే హిల్కా బామ్మ చీపురు తీసేది, తాత భూతద్దం తీసేవాడు. "ఆగవే! గోడలో ఉంటే ఇంటివాళ్ళే. గదిలోకి దిగితేనే దొంగలు." ఆయన తేల్చేలోగా చీమలు పంచదార డబ్బా ఖాళీ చేసేవి.

ఆస్పత్రిలోనూ అదే వరస. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని సూక్ష్మదర్శినిలో చూసి, క్యాన్సరో కాదో చెప్పడం ఆయన పని. ఒక శుక్రవారం నెల్లి అనే కొత్త డాక్టరమ్మ పరుగున వచ్చింది.

"ఆర్వి గారూ, కాలి మీద క్యాన్సర్ మచ్చ తీసిన ఆవిడకి గజ్జల్లోని లింఫ్ గ్రంథిలోనూ మచ్చ కణాలున్నాయి. పాకిందని రాసెయ్యనా? సర్జన్ గారు మూడుసార్లు ఫోన్ చేశారు."

"గోడలోనా, గదిలోనా?"

"ఏంటండీ?"

"గ్రంథి లోపలా, పైపొరలోనా?"

"పైపొరలోనే. కానీ మచ్చ కణాల్ని పట్టిచ్చే రంగు పట్టింది కదా!"

"మామూలు పుట్టుమచ్చకీ ఆ రంగు పడుతుందమ్మా. ఏ పాపం ఎరగని మచ్చ కణాలు కొన్ని ఆ గోడలో ఎప్పట్నుంచో కాపురముంటాయి. కాలి మచ్చ స్లైడు తెచ్చి పక్కన పెట్టు. ఇంకో రంగు కూడా వేయించు."

"సోమవారం దాకా పడుతుంది!"

"సోమవారం ఎక్కడికీ పారిపోదులే."

మర్నాడు, వారం వారం ఇంటిల్లిపాదీ ఆవిరి స్నానం చేసే సావ్నా గదిలో పొయ్యి రాజేసి, ఆ స్లైడ్లే మళ్ళీ చూడ్డానికి తాత ఆస్పత్రికి చెక్కేశాడు. శనివారం సావ్నా ఎగ్గొట్టిన మొగుణ్ణి బామ్మ తిట్టిన తిట్లకి పొయ్యి మీది రాళ్ళు ఇంకాస్త వేడెక్కాయి.

తర్వాతి శనివారం, మా వీధికి ఉత్తరాలు తెచ్చే ఇర్మెలి సావ్నాకి వచ్చింది. ఆవిరిలో కూర్చుని బామ్మకి గోడు వెళ్ళబోసుకుంది.

"పాకిందేమోనని సర్జన్ ఫోన్‌లో అన్నాడు హిల్కా. నాకు నిద్ర లేదు. లేబొరేటరీలో ముసలాడెవడో నా కాగితం మీద మూడ్రోజులు కూర్చున్నాడు. వాణ్ణి తిట్టని తిట్టు లేదనుకో. ఆఖరికి ఏం రాశాడో తెలుసా? అది క్యాన్సర్ కాదట, గ్రంథి గోడలో పుట్టుమచ్చ కణాలట! ఇంకే కోతా అక్కర్లేదన్నారు."

"గోడలోనా?" బామ్మ చేతిలో నీళ్ళ గరిటె గాల్లోనే ఆగిపోయింది.

ఆ నీళ్ళు వేడి రాళ్ళ మీద గుమ్మరించి లేచింది. బయటికొచ్చి, యాలకుల బన్నుల్లో అన్నిటికన్నా పెద్దది తాత పళ్ళెంలో పెట్టింది. చుట్టాలొస్తే తప్ప ఆ సైజు బయటికి రాదు.

తాతకి అనుమానం వచ్చింది. భూతద్దం తీశాడు. "ఏంటే, ఇందులో ఏమైనా కలిపావా?"

"కలిపాను."

"గోడలోనా, గదిలోనా?"

"ఈయన ఎప్పుడూ ఇంతేనా, హిల్కా?" అంది ఇర్మెలి నవ్వుతూ.

"ఇంతే. మహా నిదానం," అంది బామ్మ, రెండో బన్ను కూడా ఆయనకే వడ్డిస్తూ.