నెట్ ఆయన పెట్టుకున్న బందు

ముంబై కామాఠీపురాలో, వరుస గదులున్న మా చాల్‌కు ఇంటర్నెట్ నడిపే ఆయన, ఏం అడిగినా మెడ గోక్కుంటూ "నాకు గూడ బందే" అనేవాడు. ఏ గదికి ఎంత నెట్ పోతోందో గమనించే ప్రోగ్రామ్ ఒకటి ఆయన కంప్యూటర్‌లో నడిచేది. ఏ ఫోన్ ఏ గదిలో ఉందో మాత్రం అది ఎవరికీ చూపకుండా రూల్ బిగించాడు. బిగించాక ఆయనకే తెరిచే హక్కు లేదు. కావాలంటే అంతా తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

"మాలిక్‌వి నువ్వే, నీకే తాళమా?" అని నేను వెక్కిరించేదాన్ని.

పోయిన శ్రావణంలో ఒక మంగళవారం, మొగుడి దెబ్బలకు తాళలేక వర్లి నుంచి పారిపోయి వచ్చిన పిల్ల నా గదిలో ఉంది. ఆమె మా చాల్‌లోనే ఉందని ఎవరో చెబితే, ఆ మొగుడు వచ్చి కింది గదిలో ఉండే నెట్ ఆయన కాలర్ పట్టుకున్నాడు.

"నా పెండ్లాం ఫోన్ ఏ గదిల నడుస్తుందో చెప్పు!"

"నాకు గూడ బందే, భావూ."

చెంప మీద ఒకటి పడింది. వెంటనే ఇంకొకటి.

"కంప్యూటర్ నీదే గదరా!"

"నాదే. తెరవరాదు. నువ్వే చూస్కో."

వాడు మీటలన్నీ నొక్కి చూసి, ఇన్ని గదుల్లో ఎక్కడ వెతకాలో తెలియక తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. నేను పసుపు తీసుకుని కిందికి పరుగెత్తాను.

"ఆ పిల్ల కోసం ఎంత ఓర్చుకున్నవ్ బిడ్డా!"

"ఓర్చుడేంది అవ్వా? తెరిచే వీలుంటే రెండో దెబ్బకే చెప్పేటోణ్ణి. నేను పిరికోణ్ణని నాకు ముందే ఎర్క. అందుకే నాకు గూడ బంద్ పెట్టుకున్న."

ఆయన తన గురించి అంత కచ్చితంగా లెక్క వేసుకోకపోతే, ఆ పిల్లను వాడు నా గదిలోంచే జుట్టు పట్టి ఈడ్చుకుపోయేవాడు.