పచ్చచుక్క తేలేదాకా

అరకు జూనియర్ కాలేజీలో నేను ఫిజిక్స్ చెప్పిన నాలుగేళ్లూ మా ల్యాబ్‌కి అసలు పెద్దదిక్కు అటెండరే. కరెంటు అలల్ని తెర మీద గీసి చూపే పాత వాల్వుల ఆసిలోస్కోపును ఆయన పొద్దున్నే మోసుకెళ్లి, పక్కనే కాఫీ గింజలు ఆరబోసిన కళ్లంలో ఎండకు పెట్టేవారు. "రాత్రంతా మంచు తాగీసింది మేడం. ముందు ఎండ కాగనీండి." తర్వాత లోపలికి తెచ్చి, స్విచ్చి వేసి, దాని నెత్తిన అరచెయ్యి ఆనించి, తెర మీద పచ్చచుక్క తేలేదాకా కదిలేవారు కాదు. నేను గడియారం చూసుకుంటే, "బేగి ఏటి మేడం? నిద్దర లెగాల గదా" అనేవారు.

ఒక ప్రాక్టికల్స్ రోజు, ఆయన ఇంకా కళ్లంలో చోటు ఊడుస్తుండగానే ఎండ తగలని ఆ పెట్టెకు నేను స్విచ్చి వేసేశాను. టప్పుమని శబ్దం, వెంటనే కాలిన వాసన. ప్రిన్సిపాల్ వచ్చి ఎవరు వేశారని అడిగితే, చీపురుతో గుమ్మంలో నిలబడ్డ ఆయన, "నానే బాబూ, తొందరపడీసినాను" అన్నారు. ఎన్నడూ తొందరపడని మనిషి. నేను నోరు విప్పలేదు.

మూడు రోజులు, ఎండ జరిగినకొద్దీ పెట్టెను జరుపుతూ, మాడిన భాగాలు మార్చారు. నాలుగో రోజు చుక్క తేలింది. "సెయ్యెట్టి సూడండి మేడం" అన్నారు. పెట్టాను. పడుకున్న పిల్లి వీపులా వెచ్చగా ఉంది.

ఆయన పోయి రెండేళ్లు. ఇప్పుడు విశాఖలో నా ముందున్న కొత్త స్కోపు మీట నొక్కగానే గీత చూపిస్తుంది. అయినా దాని మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడతాను. చల్లగా ఉంటుంది.